అప్పయ్య టిప్పు

పోర్ట్ బ్లెయిర్ బస్టాండు వెనక మెట్లదారిలో ‘జోగులు పూల్ సెంటర్’ అని బోర్డు కట్టిన కొత్తలో మల్లెపూల మూరల కోసం ఆడవాళ్ళు వచ్చేవారు. హిందీ చదివినవాళ్ళకి అది పువ్వుల కొట్టు, ఇంగ్లీషు చదివినవాళ్ళకి ఈతకొలను, జోగులు భార్య వీరలక్ష్మికి మాత్రం ఏ భాషలో చదివినా ‘ఫూల్ సెంటరే’. లోపల ఉన్నది ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఒకే ఒక్క బల్ల, దాని అంచుల్లో బంతులు మింగే జేబులు, గోడకి క్యూ కర్రల స్టాండు, ఇన్నిటికీ సరిపడా జోగులు నోరు. “రేషన్ షాపు క్యూలో నిలబడితే బియ్యం, నా క్యూ పట్టుకు నిలబడితే కయ్యం” అనేవాడు, వచ్చినవాడి చేతిలో కర్ర పెడుతూ. ఎవరూ నవ్వకపోతే తనే నవ్వేవాడు. ఆ నవ్వు మెట్లు దిగి, బస్టాండులో రంగత్ బస్సు ఎక్కి కూర్చున్నవాళ్ళని కూడా పలకరించేది. ఊరు అతని పేరుని ఎప్పుడో ‘జోకులు’ చేసేసింది. జోగులూ అభ్యంతరం పెట్టలేదు, ఒక్క అక్షరంతో పోయేదేముందని.

అయితే సెంటర్‌కి మనుషులు వచ్చేది జోగులు మాట వినడానికి కాదు, అప్పయ్య ఆట చూడడానికి.

అప్పయ్య చాతం నుంచి బంబూఫ్లాట్‌కి మనుషుల్నీ బండ్లనీ దాటించే ఫెర్రీని నడిపే సరంగు. ఎంత గాలి కొడుతున్నా, జెట్టీకి వేలాడదీసిన పాత టైర్లకి బోటుని ఆనించేటప్పుడు, నిద్రపోయిన పిల్లని పక్కమీద దించినట్టు ఆనించేవాడు. పూల్ బల్ల దగ్గరా అంతే. తెల్లబంతిని కొట్టేవాడు కాదు, పని మీద పంపేవాడు. అది వెళ్ళి, చెప్పిన బంతిని జేబులో దింపి, చెప్పినచోట బుద్ధిగా ఆగేది. “బోటు తోలేవోడికి కాక తోలు సంగతి ఇంకెవుడికి తెలుస్తాది” అనేవాడు జోగులు.

ఇక్కడ తోలంటే టిప్పు. క్యూ కర్ర కొసని, బంతిని తాకేచోట, చిటికెనవేలి గోరంత తోలు బిళ్ళ అతికించి ఉంటుంది. ఆటంతా ఆ గోరంత ముక్కలోనే ఉంది. దాన్ని గోపురంలా గుండ్రంగా ఉంచాలి, కాస్త గరుకుగా ఉంచాలి, ప్రతి దెబ్బకీ ముందు నీలం సుద్ద పట్టించాలి. గరుకు పోతే సుద్ద నిలవదు, సుద్ద నిలవకపోతే కర్ర బంతి మీద జారుతుంది. అప్పయ్య తన టిప్పుని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఎప్పుడో ఒకసారి ఉప్పుకాగితంతో ఒక్క చుట్టు తిప్పి, ఊది, పక్కన పెట్టేసేవాడు.

“అంతేనా? ఇంకో రెండు తిప్పరాదేటి” అనేవాడు జోగులు.

“తోలు పుండులాంటిదిరా. ఎంత గోకితే అంత పోతాది. నీకు గోకడం తప్ప ఏటొచ్చు?”

అప్పయ్యకి ఇంకో అలవాటుంది. జోగులు జోకు ఎంత బాగున్నా నవ్వడు. బాగుందనుకుంటే చేతిలోని సుద్దతో జోగులు చొక్కా మీద, గుండె ఉన్నవైపు, నీలం చుక్క ఒకటి పెడతాడు. చుక్క పడలేదంటే జోకు తుస్సుమన్నట్టు. “మొగుడి చొక్కాకి ఎవత్తి బొట్టో అంటుకుంటే జుట్టట్టుకుని అడగొచ్చు, సరంగు సుక్కలకి నానెవరి జుట్టు పట్టుకోను” అని వీరలక్ష్మి ఆ చొక్కాల్ని బండకేసి బాదేది. జోగులు మాత్రం చుక్కపడ్డ రోజున ఇంటికి గుండె ముందుకు పొడుచుకుని వెళ్ళేవాడు.

సెంటర్‌లో ఒక కట్టుబాటు ఉండేది. దీవుల్లో ఉన్నవాడెవడైనా ఎప్పుడో అప్పుడు మెయిన్‌లాండ్ ఓడ ఎక్కవలసినవాడే. పెళ్ళికో, చావుకో, కోర్టుకో, కంటి ఆపరేషన్‌కో. ఎక్కేముందు సెంటర్‌కి వచ్చి, తన కర్రకి తన చేత్తో సుద్ద పట్టించి, టిప్పు పైకి ఉండేలా స్టాండులో నిలబెట్టి పోవాలి. వాడు తిరిగొచ్చి తన బొటనవేలితో ఆ సుద్ద తుడిచేదాకా ఆ కర్రని ఇంకెవరూ ముట్టుకోకూడదు. “సుద్ద పెట్టి పోయినోడు సుద్దులు సెప్పడానికైనా తిరిగొస్తాడు” అని జోగులు ఒకనాడు ఊరికే అన్నమాట అది. వెళ్ళినవాళ్ళంతా తిరిగొస్తూ ఉండేసరికి ఊరికే అన్నది ఊళ్ళో చట్టమైపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద రెండు బంతులే మిగిలాయి. కిటికీ వైపు మూలజేబు పెదవి దగ్గర నల్లబంతి, ఈ చివర తెల్లబంతి. నల్లది పడితే ఆట అప్పయ్యది. జోగులు అప్పటికే ఓడిపోవడానికి తయారై టీ చెప్పేశాడు. అప్పయ్య సుద్ద పట్టించాడు, ఊదాడు, బల్ల మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

“ఏటిరా, బల్లని ఓడలో బెర్తు అనుకుని తొంగున్నావేటి? టికెట్టు సూపించు” అన్నాడు జోగులు.

అందరూ నవ్వారు. ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేస్తూ ఆదివారాలు ఇక్కడ గడిపే వెంకటాచలం గారు టీ ఒలకబోసుకున్నారు. అప్పయ్య తల ఇటు తిప్పాడు. మూతి కుడివైపు కిందికి జారి ఉంది. వెక్కిరిస్తున్నాడనుకుని ఇంకాస్త నవ్వారు. అప్పుడు కర్ర జారింది, దాని వెనకే మనిషి జారాడు. జోగులు చెయ్యి చటుక్కున ముందుకు వెళ్ళి పట్టుకుంది, కర్రని. నేల మీద పడితే టిప్పు చెడుతుందని ఏళ్ళ తరబడి చేతికి మప్పుకున్న అలవాటు. మనిషిని నేల పట్టుకుంది.

పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, సగం నోరు. పక్కమీదున్న మనిషిని విశాఖపట్నం తీసుకెళ్ళారు. వెళ్ళేరోజు అప్పయ్య భార్య కాసులమ్మ జోగులుని పక్కకి పిలిచింది.

“అన్నయ్యా, ఆ కర్ర జాగర్త. తెలివొస్తే ముందది అడుగుతాడు, తరవాతే నన్ను.”

“కళ్ళల్లో ఎట్టుకుని సూసుకుంటానమ్మా.”

“కళ్ళల్లో కర్రెట్టుకుంటే గుడ్డోడివైపోతావు” అంది ఆమె. నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జోగులు కర్రని స్టాండులో అందరికీ కనిపించేచోట నిలబెట్టాడు. పడిపోయే ముందు అప్పయ్య తన చేత్తోనే సుద్ద పట్టించాడు కదా. కాబట్టి కట్టుబాటు ప్రకారం తిరిగొస్తాడు. ఈ లెక్క జోగులు అందరికీ చెప్పాడు. ఎవరూ కాదనలేదు. నల్లబంతి ఉన్నచోటుకి సరిగ్గా ఎదురుగా, బల్ల చెక్క మీద గోటితో ఒక గీత గీసుకున్నాడు.

ఆ తరవాత వానలు పట్టుకున్నాయి.

దీవుల్లో వానాకాలమంటే ఎండాకాలం కానిదంతా. తలుపు వెనక వేలాడదీసిన బెల్టుకి బూజు, పెట్టెలో పెట్టిన పర్సుకి బూజు, పెళ్ళిఫోటోలో పెళ్ళికూతురి ముక్కుకి బూజు. తోలన్నది ఇంట్లో ఉంటే పొద్దున్నే లేచి తుడవాల్సిందే. ఇక్కడ పళ్ళు తోముకోవడంతోపాటు చెప్పులూ తోముతారు. ఒకరోజు జోగులు చూసేసరికి అప్పయ్య టిప్పు మీద, నీలం సుద్ద మీదుగా, తెల్లటి నూగు లేచి ఉంది. ముసలివాడి గడ్డంలా.

ముట్టుకుంటే కట్టుబాటు తప్పినట్టు. ముట్టుకోకపోతే తోలు కుళ్ళినట్టు. జోగులు గుడ్డతో తుడిచాడు. మర్నాటికి మళ్ళీ వచ్చింది. “ఉప్పుగాలి తెచ్చినదాన్ని ఉప్పుకాగితమే తియ్యాలి” అనుకుని ఒక చుట్టు తిప్పాడు. బూజుతోపాటు సుద్దా పోయింది. అప్పయ్య వాడిన సుద్ద గడ్డనే తీసి జోగులు మళ్ళీ పట్టించాడు. సుద్ద వాడిదే కదా, పెట్టిన చెయ్యి మాత్రమే నాది అని సర్ది చెప్పుకున్నాడు. ఆ రోజునించీ అది నిత్యపూజ అయిపోయింది. బల్ల తుడవడం, అగరొత్తి వెలిగించడం, అప్పయ్య టిప్పుకి ఒక చుట్టు ఉప్పుకాగితం, పైన నీలం సుద్ద.

“క్యా భయ్యా, రోజూ ఆ గోకుడేంటి” అన్నారు వెంకటాచలం గారు. “అది టిప్పా, కొబ్బరిచిప్పా? పచ్చడికి తురుముతున్నావా?”

“సరంగు వొచ్చేసరికి సిరంజీవిలాగ ఉండాలి సార్ ఇది” అన్నాడు జోగులు.

కాసులమ్మ విశాఖ నుంచి ఫోన్ చేసేది. మొదట్లో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. తిన్నాడు, తినలేదు, అంతే. తరవాత్తరవాత ఆమె గొంతులో అలసట వినిపించడం మొదలైంది.

“లెగమంటే లెగట్లేదన్నయ్యా. ఎక్సర్‌సైజు సేయించే అబ్బాయొస్తే గోడ వైపు తిరిగిపోతన్నాడు. ఈల్లు సెప్తన్నారు, మనిషికి తనకే లెగాలని ఉండాలంట, నేకపోతే మందులేటీ సెయ్యవంట. నువ్వోపాలి మాటాడు. సెవి దగ్గరెట్టాను.”

“ఒరే అప్పయ్యా” అన్నాడు జోగులు. బల్ల చుట్టూ ఆడుతున్నవాళ్ళు ఆగిపోయారు. “నీ టిప్పు మీసం తిప్పుకుని కూకుందిరా. నల్లబంతి నోరెళ్ళబెట్టి జేబు ముందర కాసుకునుంది. నీ ఆట అవనేదు. నువ్వొచ్చి కొట్టేదాకా నాను ఓడిపోనట్టే, తెల్సా? ఊరందరికీ అదే సెప్పుకుంటన్నాను.”

అవతల ఒక చప్పుడు వచ్చింది. మాట కాదు. మూసిన తలుపు వెనక ఎవరో బల్ల జరిపినట్టు. కాసులమ్మ ఫోన్ తీసుకుని, “తల తిప్పినాడన్నయ్యా. ఇటు తిప్పినాడు” అంది.

అక్కణ్ణుంచి అప్పయ్యని పక్కమీంచి లేపింది ఆ నల్లబంతే. చేతికి పిసకమని రబ్బరు బంతి ఇస్తే, పొద్దస్తమానం దాన్ని పిసికేవాడట. చీపురుకర్ర ఇస్తే మంచం అంచు మీద ఎడమ చెయ్యి ఆన్చి, కుడి చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించేవాడట. ఆసుపత్రిలో మిగతా రోగులు ఈయన దోమల్ని తోలుతున్నాడనుకునేవారట. ఆ కబురు విని జోగులు సెంటర్‌లో ఉన్నవాళ్ళందరికీ టీ పోయించాడు.

కానీ అన్నీ అలాంటి కబుర్లు కావు. మళ్ళీ పడ్డాడని ఒకసారి, వేళ్ళకి స్పర్శ రాదేమో అన్నారని ఇంకోసారి, రాత్రంతా ఏడ్చాడని మరోసారి. మంచి కబురొచ్చిన రోజు జోగులు టిప్పుకి ఒక్క చుట్టే తిప్పేవాడు. చెడ్డ కబురొచ్చిన రోజు కూర్చుని తిప్పుతూనే ఉండేవాడు. చెయ్యగలిగింది ఇంకేమీ లేదు మరి. సముద్రం అవతల ఉన్న మనిషికి ఇవతలివాడు ఏం చెయ్యగలడు, ఉన్న గోరంత ముక్కనే శుభ్రంగా ఉంచగలడు. చెడ్డ కబుర్లే ఎక్కువ వచ్చాయి.

అప్పయ్య తిరిగొస్తున్న ఓడ వచ్చే రోజు రానే వచ్చింది. జోగులు పొద్దున్నే సెంటర్ తెరిచి, బల్ల గుడ్డ దులిపి, గోటిగీతకి ఎదురుగా నల్లబంతిని, ఈ చివర తెల్లబంతిని పెట్టాడు. అందరికీ ఈ పూట సెలవని చెప్పేశాడు. కర్ర తీసి ఒళ్ళో పెట్టుకుని, కొసమీద ఆఖరిసారి బొటనవేలు తిప్పాడు.

వేలికి తోలు తగల్లేదు. నున్నగా, చల్లగా, గట్టిగా ఇంకేదో తగిలింది.

సుద్ద తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు. అంచుల చుట్టూ పలచటి తోలు మిగిలి ఉంది. నడిమధ్యన, దోసెకి చిల్లుపడితే పెనం కనిపించినట్టు, కర్ర చివర తొడిగిన తెల్లని తొడుగు కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ రోజూ పైనుంచే చూశాడు. పైన ఎప్పుడూ నీలం సుద్దే. పక్కనించి చూసి ఉంటే రోజుకో పొర తగ్గడం కనిపించేది. పక్కనించి చూడాలని తోచలేదు.

కొత్త టిప్పులు డబ్బాలో ఉన్నాయి. పాతది గీకేసి, జిగురు రాసి, కొత్తది నొక్కి తాడు చుట్టి వదిలెయ్యాలి. ఈ చెమ్మలో అది పట్టడానికి పూర్తిగా ఒక రోజు కావాలి. డబ్బా మూత తీస్తుండగానే ఫోన్ మోగింది.

“దిగినాం అన్నయ్యా. ఇంటికి పోదామంటే ఒప్పుకోట్లేదు. ముందు సెంటర్‌కే అంట. ఆటోలో కూకున్నాడు అప్పుడే.”

జోగులు మూత పెట్టేశాడు. అరిగినచోట సుద్ద దట్టించాడు. నీలం కింద తెలుపు కనపడకుండా పోయింది. ఈ పూట పట్టుకుని చూసుకుంటాడు, అంతే, అనుకున్నాడు. చెంచా పట్టుకోవడమే కష్టంగా ఉందన్న చెయ్యి, కర్రని పట్టుకుంటే అదే గొప్ప. రాత్రికి నా దగ్గర ఉంచుకుని కొత్తది అతికించేస్తాను, ఎల్లుండి ఆడతాడు. కింద ఆటో ఆగిన చప్పుడైంది.

మెట్ల దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే వెళ్ళాడు. అప్పయ్య మెట్లెక్కుతున్నాడు. ఎడమ కాలు పైమెట్టు మీద వేసి, ఆగి, కుడి కాలిని వెనకనించి కొండచిలువని లాగినట్టు లాక్కుంటున్నాడు. కాసులమ్మ చెయ్యి అందిస్తే విదిలించేశాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పైకి చూసి, జోగులు కనిపించేసరికి, వంకరమూతిలో బాగున్న సగంతో నవ్వాడు. చెబుదామనుకున్న మాట బదులు జోగులు నోరు తనకి అలవాటైన పని చేసింది.

“రావయ్యా కెప్టెన్. మెట్టుకో జెట్టీ అన్నట్టు ఆగుతున్నావేటి, ఇదేం ఫెర్రీ సర్వీసా?”

అప్పయ్య లోపలికి వచ్చి బల్లనే చూశాడు. తెల్లబంతి, నల్లబంతి, ఎక్కడివక్కడే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచాడు.

“ముందు కూకుని టీ తాగరా. ఇయాల ఊరికే పట్టుకుని సూసుకో. ఎల్లుండి కొడుదువుగాని” అన్నాడు జోగులు.

అప్పయ్య తల అడ్డంగా ఊపాడు. “ఆ... ట” అన్నాడు. చాచిన చెయ్యి దించలేదు.

జోగులు కర్ర ఇచ్చాడు. కట్టుబాటు అప్పయ్యకి గుర్తుంది. ఎడమ చేత్తో కర్రని పట్టుకుని, పట్టుదలగా కుడి బొటనవేలినే పైకి తెచ్చి, టిప్పు మీది సుద్ద తుడిచాడు. ఆ వేలు తోలు మీదుగా, చిల్లు మీదుగా, బోసి తెల్లదనం మీదుగా మెల్లగా వెళ్ళింది. జోగులు ఆ వేలినే చూశాడు. వేలికి ఏమీ తెలియలేదు. అది విశాఖలోనే స్పర్శ వదిలేసి వచ్చిన వేలు. అప్పయ్య కళ్ళు టిప్పు మీద లేవు, నల్లబంతి మీద ఉన్నాయి. సుద్ద గడ్డ అందుకుని తనే మళ్ళీ పట్టించాడు. ఊదాడు. సగం ఊపిరి పక్కకి పోయింది.

వంగాడు. ఎడమ చెయ్యి బల్లమీద ఆనింది. కుడి మోచెయ్యి వణుకుతూ లేచి, లేచినచోట వణుకు మానేసింది. కర్ర ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి ఆడింది. ఆ చెయ్యి ఆడడం జోగులుకి తన సంతకంకన్నా బాగా తెలుసు. అదే చెయ్యి. అదే తూగు. టైర్లకి బోటుని ఆనించే అదే నెమ్మది. పోయిందనుకున్నదంతా ఆ ఒక్క క్షణంలో ఆ మోచేతిలోకి తిరిగి వచ్చేసింది.

కర్ర వెళ్ళింది. ఠక్కుమని ఎముక మీద ఎముక కొట్టినట్టు వినిపించింది. కర్ర తెల్లబంతి మీద జారింది. బంతి అడ్డదిడ్డంగా పక్కకి పరిగెత్తి, అంచుకి తగిలి, నల్లదానికి దూరంగా ఎక్కడో ఆగింది. టిప్పు అంచున మిగిలిన తోలుపొర ఊడి ఆకుపచ్చ గుడ్డ మీద పడింది.

అప్పయ్య వంగినవాడు లేవలేదు. బల్ల మీద తల ఆన్చేశాడు.

“ఒరే” అన్నాడు జోగులు. పక్కకి వెళ్ళి భుజం పట్టుకున్నాడు. “ఒరే అప్పయ్యా, నీ సెయ్యి కాదురా. నీ సెయ్యి బానే ఉంది. నాను సూశాను కదా, పాత సెయ్యే. టిప్పు అరిగిపోయుంది. బూజడతందని రోజూ గోకీసినాను. గోకి గోకి తోలు నేకుండా సేసినాను. నీకు సెప్పకుండా సుద్దతో కప్పెట్టినాను. తప్పు నాదిరా.”

అప్పయ్య తలెత్తాడు. గుడ్డ మీద పడున్న తోలుపొరని చూశాడు. కర్ర కొసని చూశాడు. అతని ముఖంలో వచ్చింది కోపం కాదు, క్షమాపణ. తను కొట్టిన ఆ దెబ్బకే టిప్పు ఊడిపోయిందనుకున్నాడు. ఇంతకాలం జాగ్రత్తగా దాచిపెట్టినదాన్ని ఒక్క దెబ్బకి పాడు చేశాననుకున్నాడు.

“అది కాదెహె, వేరే కర్ర ఇస్తాను, కొట్టు. ఇదుగో, నాది తీసుకో. ఒక్కపాలి కొట్టు, నీకే తెలుస్తాది.”

“సా... లు” అన్నాడు అప్పయ్య.

“అమ్మతోడురా. కాసులమ్మా, నువ్వైనా సెప్పు. అబద్ధం కాదమ్మా.”

కాసులమ్మ కళ్ళు తుడుచుకుంటూ, “ఊరుకో అన్నయ్యా. ఊరడించడానికి నువ్వెన్నైనా సెప్తావు. నీ మంచి మనసు మాకు తెల్దేటి” అంది.

అప్పయ్య బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. ఎడమ చెయ్యి సుద్ద గడ్డని వెతికి పట్టుకుంది. చెయ్యి చాపి, జోగులు చొక్కా మీద, గుండె ఉన్నవైపు, మెల్లగా ఒక నీలం చుక్క పెట్టాడు. సగం మూతితో నవ్వాడు. ఇన్నేళ్ళ స్నేహంలో జోగులు చెప్పినవాటిలో అదే అన్నిటికన్నా మంచి జోకన్నట్టు.

తరవాత మెట్లు దిగాడు. దిగేటప్పుడు కాసులమ్మ చెయ్యి అందిస్తే విదిలించలేదు.

కర్రకి జోగులు ఆ పూటే పాత జిగురంతా గీకి, తొడుగు అంచు చదునుచేసి, కొత్త టిప్పు అతికించి తాడు చుట్టాడు. పట్టేదాకా దాన్ని కదల్చలేదు. పక్కలకి పొంగిన తోలుని బ్లేడుతో కోసి, తడి చేసి నున్నగా రుద్ది, గోపురంలా గుండ్రం చేశాడు. ఉప్పుకాగితంతో ఒక్క చుట్టే తిప్పాడు. జంగ్లీఘాట్‌లో అప్పయ్య ఇంటికి తీసుకెళ్ళి చేతికిచ్చాడు. అప్పయ్య మర్యాదగా పట్టుకుని, చూసి, గోడకి ఆన్చాడు.

ఆ రోజునించీ రబ్బరు బంతి మంచం కిందికి దొర్లిపోయి, అక్కడే ఉండిపోయింది. ఎక్సర్‌సైజు చేయించడానికి ఎవరొచ్చినా అప్పయ్య గోడ వైపు తిరిగేవాడు. జోగులు వెళ్ళినప్పుడల్లా అదే మాట చెప్పేవాడు. కోపంగా చెప్పాడు, బతిమాలి చెప్పాడు, ఒట్టేసి చెప్పాడు.

“ఆ రోజు తనే సూసుకున్నాడు కదన్నయ్యా” అంది కాసులమ్మ ఒకసారి, వాకిట్లోకి సాగనంపుతూ. “ఇంకేటి సూడాలి. ఆ బంతి కోసమే ఇన్నాళ్ళు లెగిసినాడు. అది అవలేదు. ఇంక నువ్వేటీ సెప్పకు. నువ్వు సెప్పినపుడల్లా పాపం నవ్వుతాడు, నువ్వెల్లినాక ఏడుస్తాడు.”

సెంటర్‌లోనూ చెప్పి చూశాడు. “అప్పయ్య సెయ్యి బానే ఉంది సార్, టిప్పుని నానే తినీసినాను” అన్నాడు వెంకటాచలం గారితో. ఆయన బల్ల గుద్ది మరీ నవ్వి, “తోలు తిన్నావా, ఉప్పూకారం వేసుకున్నావా లేదా” అన్నారు. పక్కవాళ్ళు కూడా నవ్వారు. జోగులు వాళ్ళవైపు చూస్తూ ఉండిపోతే, ఆ ముఖం చూసి ఇంకా నవ్వారు.

వానలు మళ్ళీ జోరందుకున్న రోజుల్లో జోగులు జంగ్లీఘాట్ వెళ్ళాడు. అప్పయ్య వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో, ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా. చూరు కింద ఎత్తుగా తీగ కట్టి ఉంది. కాసులమ్మ తడి బట్టల్ని ఒక్కొక్కటిగా కర్ర కొసకి తగిలించి పైకెత్తి, తీగమీదికి తోస్తోంది. పొడుగ్గా, నున్నగా, చేతికి సరిపోయే కర్ర. కొసన కొత్త టిప్పు.

“ఇదొక్కటే అందుతోందన్నయ్యా ఆ తీగకి” అంది ఆమె, కాస్త మొహమాటంగా.

జోగులు నోరు తెరిచాడు. దండెం మీదా, దండన మీదా ఏదో మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పయ్య అతనివైపే చూస్తున్నాడు, నవ్వడానికి సిద్ధంగా, బాగున్న సగాన్ని ముందే కాస్త ఎత్తిపట్టి. జోగులు నోరు మూసుకున్నాడు.

కాసులమ్మ అప్పయ్య చొక్కాని కొసకి తగిలించి పైకెత్తింది. చొక్కాలోంచి కారే నీళ్ళు టిప్పు మీదుగా కర్ర వెంబడి దిగుతున్నాయి. తోలు ఆ నీళ్ళు తాగి, ఉబ్బి, పుట్టగొడుగులా అంచులకి పొంగుతోంది. జోగులు కుర్చీ పక్కన గట్టు మీద కూర్చుని, అది పొంగడం చూస్తూ ఉన్నాడు. తుడవడానికి చెయ్యి ఒకసారి లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.